ఒక్క రూపాయి పెరిగినచో: ఆదాయపు పన్ను మెట్ల చరిత్ర

కేంద్ర ప్రభుత్వపు బడ్జెట్టు వెలువడు దినములలో ఉద్యోగస్థుల ఇండ్లలో ఒక చర్చ తప్పక జరుగుచుండును. ఇంటిల్లిపాదియు ఒకచోట చేరి వార్తలు విందురు. పన్ను రేట్ల పట్టిక చదువునప్పుడు పెద్దలు కాగితము మీద అంకెలు వ్రాసికొందురు. వార్తలు ముగియగానే ఎవరో ఒకరు, “ఆ ఇంక్రిమెంటు ఈ ఏడాదికి వద్దని రాసివ్వరా, పై స్లాబులో పడితే చేతికి వచ్చేది తగ్గిపోతుంది” అని కుమారునికి హితవు చెప్పుదురు. కుమారుడును అది నిజమేనేమోనని ఆలోచనలో పడును. జీతము పెరిగిన సంతోషము కంటె పన్ను పెరుగునన్న దిగులే ఆ పూట ఇంట నిండియుండును.

నేటి చట్టము ప్రకారము ఈ భయము చాలవరకు నిరాధారమైనది. అట్లని దానిని కేవలము అజ్ఞానమని త్రోసివేయుటయు న్యాయము కాదు. మన తాతల కాలమున అది అక్షరాల సత్యము. ఆదాయము ఒక్క రూపాయి పెరిగినందుకు పది రూపాయలు, ఒక్కొక్కప్పుడు నూరు రూపాయలకు పైగా పన్ను పెంచిన రేట్ల పట్టికలు ఈ దేశమున అమలులో నుండెను. ఆ పద్ధతి 1939లో పోయినది. పద్ధతి పోయినను దాని వలన పుట్టిన భయము మాత్రము తరము నుండి తరమునకు సంక్రమించినది. ఆ పద్ధతి ఎట్లు వచ్చినది, ఎట్లు పోయినది, దాని స్థానమున వచ్చిన దేమి అను విషయములను తెలిసికొన్నచో నేటి పట్టికను చదువుట సులభమగును.

ప్రాచీన కాలమున మన రాజులు ప్రజల పంటలో ఆరవ వంతు గ్రహించెడివారని ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. అందుచేతనే రాజునకు షడ్భాగి యను పేరు కలిగినది. పది పుట్లు పండించిన వానికిని, నూరు పుట్లు పండించిన వానికిని భాగము ఒక్కటే. దీనిని సమానుపాతపు పన్ను అనవచ్చును. ఆదాయము పెరిగిన కొలది పన్ను మొత్తము పెరుగును గాని, వంతు మారదు. ఆదాయము పెరిగిన కొలది వంతు కూడ పెరుగవలెననుట వేరొక సూత్రము. దానికే క్రమవర్ధమానమైన పన్ను అని పేరు. పది పుట్లవానికి ఆరవ వంతు పోయిన తరువాత మిగులునది తిండికి చాలకపోవచ్చును. నూరు పుట్లవానికి ఆరవ వంతు పోయినను సుఖముగనే జరుగును. కాబట్టి శక్తి గలవాడు ఎక్కువ వంతు ఈయవలెనని ఈ సూత్రము చెప్పును.

సూత్రము వినుటకు సులభమే. దానిని లెక్కలోనికి తెచ్చుట యెట్లు అన్నచోటనే చిక్కు వచ్చినది.

ఆధునిక కాలమున ఆదాయపు పన్నును ఇంగ్లండులో ప్రవేశపెట్టినవాడు విలియం పిట్టు. ఫ్రాన్సుతో యుద్ధము జరుగుచుండగా ధనము చాలక 1799లో ఆ పన్నును విధించెను. సంవత్సరమునకు 60 పౌన్ల లోపు ఆదాయము గలవారికి పన్ను లేదు. అంతకు మించిన వారికి పౌనుకు రెండు పెన్నీలతో మొదలై, 200 పౌన్లు గలవారికి పదవ వంతు వరకు రేటు పెరుగుచు పోయెను. యుద్ధము ముగియగానే 1816లో దానిని రద్దు చేసిరి. సర్ రాబర్టు పీల్ 1842లో దానిని మరల తెచ్చెను. 150 పౌన్ల లోపు ఆదాయము గలవారికి పన్ను లేదు. 150 పౌన్లున్నచో పౌనుకు ఏడు పెన్నీలు. ఈ ఏడు పెన్నీలు 150కి పైనున్న భాగము మీద కాదు, ఆదాయము మొత్తము మీద. అనగా 149 పౌన్లు గలవాడు ఏమియు ఈయనక్కరలేదు. 150 పౌన్లు గలవాడు 4 పౌన్ల 7 షిల్లింగుల 6 పెన్నీలు చెల్లింపవలెను. ఒక్క పౌను సంపాదించినందుకు నాలుగు పౌన్లకు పైగా జరిమానా వంటిది పడినది.

ఆ లోపమును ఎత్తిచూపినవారిలో జాన్ స్టూవర్టు మిల్లు ముఖ్యుడు. జీవనమునకు అవసరమైన కనీసపు మొత్తము ఎవ్వరికైనను పన్ను లేకుండ విడువవలెననియు, దానికి మించిన భాగము మీదనే పన్ను వేయవలెననియు అతడు 1848లో ప్రకటించిన అర్థశాస్త్ర గ్రంథమున వాదించెను. అంతకు ముందే బెంథాము ఈ భావమును సూచించియుండెను. మిల్లు ఆ కనీసపు మొత్తమును 50 పౌన్లుగా ఊహించెను. 100 పౌన్లు గలవానికి 50 మీద పన్ను. 1,000 పౌన్లు గలవానికి 950 మీద పన్ను. ఆ తొలి 50 పౌన్లు పేదవానివైనను ధనికునివైనను ఒక్కటే. అధిక భాగమునకే పన్ను అన్న ఈ చిన్న మాటలో నేటి పద్ధతికి బీజమున్నది. కాని ఆ బీజము మన దేశమున మొలకెత్తుటకు తొంబది యేండ్లు పట్టినది.

మన దేశమునకు ఆదాయపు పన్ను 1857 విప్లవము వెంట వచ్చినది. ఆ సంగ్రామమును అణచుటకై చేసిన వ్యయము వలన ప్రభుత్వము అప్పులలో మునిగెను. ఖజానాను చక్కదిద్దుటకై లండను నుండి జేమ్సు విల్సను అను ఆయనను తొలి ఆర్థిక సభ్యునిగా కలకత్తాకు పంపిరి. ఆయన స్కాట్లండు దేశీయుడు. 1843లో ‘ఎకనమిస్టు’ పత్రికను స్థాపించినవాడు. 1860 ఫిబ్రవరి 18వ తేదీన ఆయన బడ్జెట్టును సమర్పించి అందు ఆదాయపు పన్నును ప్రతిపాదించెను. జూలై మాసమున అది చట్టమయ్యెను. ఆగస్టు 11వ తేదీననే విల్సను కలకత్తాలో వ్యాధిగ్రస్తుడై మరణించెను. పన్ను పుట్టిన మూడు వారములలోనే దానిని పుట్టించినవాడు పోయెను.

ఈ పన్నును తీవ్రముగా ఎదిరించిన ఉన్నతాధికారి చెన్నపట్టణముననే యుండెను. అప్పటి మద్రాసు గవర్నరు సర్ చార్లెసు ట్రెవెల్యను, ఇట్టి పన్ను ఈ దేశమునకు తగదని అభ్యంతరము తెలుపుటయే గాక, ఆ అభ్యంతరమును పత్రికలలో ప్రకటింపజేసెను. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలన్నియు ఆనాడు ఆ రాజధానిలోనివే. ప్రభుత్వ రహస్యమును బయటపెట్టిన నేరమునకు ట్రెవెల్యనును గవర్నరు పదవి నుండి వెనుకకు పిలిపించిరి. ఆ తరువాత కొలది కాలమునకే ఆయన ఆర్థిక సభ్యుడై మరల ఈ దేశమునకు వచ్చెను. ఐదేండ్ల గడువుతో చేసిన ఆ చట్టము ఆయన హయాముననే 1865లో ముగిసిపోయెను.

విల్సను పట్టిక చాల చిన్నది. సంవత్సరమునకు రూ. 200 లోపు ఆదాయమునకు పన్ను లేదు. 200 నుండి 500 లోపు నూటికి రెండు రూపాయలు. 500, ఆపైన నూటికి నాలుగు రూపాయలు. ఇచ్చటను పీల్ చేసిన పొరపాటే జరిగినది. రూ. 499 గలవాడు దాదాపు పది రూపాయలు చెల్లించగా, రూ. 500 గలవాడు ఇరువది రూపాయలు చెల్లింపవలసివచ్చెను. ఎవని ఆదాయము ఏ మెట్టు మీద నిలిచినదో చూచి, ఆ మెట్టు రేటును ఆదాయమంతటికి వర్తింపజేయుటయే ఈ పద్ధతి. దీనిని మెట్ల పద్ధతి యందము. ఈ మెట్లు ఎక్కుటలో విచిత్రమేమనగా, పై మెట్టు మీద కాలు పెట్టిన మనుష్యుడు క్రింది మెట్టు మీద నున్నవాని కంటె పేదవాడగుట.

1865 తరువాత ఈ పన్ను వచ్చుచు పోవుచుండెను. లైసెన్సు పన్ను, సర్టిఫికెట్టు పన్ను అను పేర్లతో కొన్ని యేండ్లు, 1869లో ఆదాయపు పన్నను పేరుతోనే మరల కొన్ని యేండ్లు వసూలు చేసి 1873లో విడిచిరి. స్థిరమైన చట్టము 1886లో వచ్చినది. అందు వ్యవసాయపు ఆదాయమును పన్ను నుండి తప్పించిరి. భూమి శిస్తు ఉండనే యున్నది గదా యని ప్రభుత్వపు వాదము. దాని ఫలితముగ మన ప్రాంతములలో జమీందారుకు భూమి మీద వచ్చు రాబడి ఎంత గొప్పదైనను ఈ పన్ను తగులలేదు; కచ్చేరీ గుమాస్తాకు, బడిపంతులుకు, కోమటి వర్తకునికి, ప్లీడరుకు తగిలినది. స్వాతంత్ర్యానంతరము రాజ్యాంగము కూడ వ్యవసాయపు ఆదాయము మీది పన్నును రాష్ట్రముల కప్పగించినది. కేంద్రము వేయు ఆదాయపు పన్ను నేటికిని దానిని తాకదు.

1886 నాటి లెక్కలు అర్థమగుటకు ఆనాటి నాణెములను జ్ఞాపకము చేసికొనవలెను. రూపాయికి 16 అణాలు. అణాకు 12 పైలు. కావున రూపాయికి 192 పైలు. సంవత్సరమునకు రూ. 500 లోపు జీతము గలవారికి పన్ను లేదు. 500 నుండి 2,000 లోపు జీతమునకు రూపాయికి నాలుగు పైలు. 2,000, ఆపైన రూపాయికి ఐదు పైలు. చూచుటకు ఇది స్వల్పమే. నూటికి రెండు, రెండున్నర రూపాయల ప్రాంతమున నుండును.

నెలకు 41 రూపాయల జీతము గల గుమాస్తా నొకనిని ఊహింపుడు. సంవత్సరమునకు రూ. 492, పన్ను లేదు. అతనికి నెలకు ఒక రూపాయి పెరిగినది. సంవత్సరమునకు రూ. 504 అయినది, పన్ను రూ. 10–8 అణాలు. పండ్రెండు రూపాయల పెరుగుదలలో ఇంటికి చేరినది రూపాయిన్నర మాత్రమే. అతడైనను కొంత మేలే. 1,999 రూపాయలు గల ఉద్యోగి చెల్లింపవలసిన పన్ను రూ. 41–10–4, సరిగా 2,000 గలవాడు చెల్లింపవలసినది రూ. 52–1–4. ఒక్క రూపాయి ఎక్కువ వచ్చినందుకు పన్ను పది రూపాయల ఏడణాలు పెరిగినది. “పెంచకండి బాబూ” అని దొరగారిని వేడుకొనుటకు తగిన కారణము ఆనాడు నిజముగనే యుండెను.

రేట్లు తక్కువగా నున్నంత కాలము ఈ లోపము కనబడియు కనబడనట్లుండెను. మొదటి ప్రపంచ యుద్ధము రేట్లను పెంచి దానిని బట్టబయలు చేసినది. 1916లో మెట్ల సంఖ్యను పెంచిరి. 5,000 నుండి 10,000 లోపు ఆదాయమునకు రూపాయికి ఆరు పైలు. 10,000 నుండి 25,000 లోపు తొమ్మిది పైలు. 25,000, ఆపైన ఒక అణా. ఈ పట్టికను ఉన్నదున్నట్లు అన్వయించినచో 9,999 రూపాయలకు పన్ను రూ. 312–7–6, పదివేలకు రూ. 468–12–0. తొమ్మిదివేల తొమ్మిదివందల తొంబదితొమ్మిది తరువాత వచ్చిన ఆ ఒక్క రూపాయి రూ. 156–4–6 పన్నును వెంట తెచ్చినది! 25,000 మెట్టు దగ్గర ఇదే లెక్క వేసినచో ఒక్క రూపాయికి రూ. 390–10–9.

మరుసటి యేడు 1917లో ప్రభుత్వము 50,000 రూపాయలకు మించిన ఆదాయము గలవారి మీద సూపరు టాక్సు అను అదనపు పన్ను వేసెను. చిత్రమేమనగా, ఈ పన్నును మెట్ల పద్ధతి మీద వేయలేదు. ఏబది వేలకు మించిన భాగమునే తీసికొని, దానిని తునకలుగా విభజించి, ఒక్కొక్క తునకకు ఒక్కొక్క రేటు నిర్ణయించిరి. లక్షాధికారి విషయమున మిల్లు చెప్పిన న్యాయము పాటింపబడినది. గుమాస్తా విషయమున పాటింపబడలేదు. సరియైన పద్ధతి ఏదో ప్రభుత్వమునకు తెలియకపోలేదని ఇందువలన స్పష్టమగుచున్నది. చిన్న ఆదాయముల వారికి ఆ పద్ధతి చేరుటకు మరి ఇరువది రెండేండ్లు పట్టెను.

ఈ లోగా 1922 చట్టమున ఒక ఉపశమనము చేర్చిరి. ఆ చట్టపు 17వ విభాగము ప్రకారము, మెట్టు దాటినందువలన పెరుగు పన్ను, మెట్టు దాటిన మొత్తమునకు మించకూడదు. అనగా పది రూపాయలు దాటినవానికి పన్ను పది రూపాయల కంటె ఎక్కువ పెరుగదు. దీని వలన పై మెట్టు ఎక్కినవాడు పేదవాడగు దుస్థితి తొలగినది. కాని ఎక్కిన కొంత దూరము వరకు అతడు ఆర్జించిన ప్రతి రూపాయియు సర్కారు పాలే. అతడు నష్టపోలేదు, లాభపడను లేదు. గోడ కూలిపోకుండ ఊతకర్ర పెట్టినట్లు అయినది గాని, గోడను తిరిగి కట్టినట్లు కాలేదు.

గోడను తిరిగి కట్టవలెనని చెప్పినది 1936లో నివేదిక సమర్పించిన ఆదాయపు పన్ను విచారణ సంఘము. బ్రిటిషు రెవెన్యూ శాఖ నుండి వచ్చిన నిపుణులు అందుండిరి. దానిని ఏయర్సు సంఘమందురు. మెట్ల పద్ధతిని విడిచి స్లాబు పద్ధతిని అవలంబింపవలెనని ఆ సంఘము సిఫారసు చేసెను. 1939 ఆర్థిక చట్టముతో అది అమలునకు వచ్చెను. అప్పటి ఆర్థిక సభ్యుడు సర్ జేమ్సు గ్రిగ్గు.

స్లాబు అనగా పొర యని చెప్పుకొనవచ్చును. దీనిని గ్రహించుటకు గాదెలను తలచుకొనుడు. ఒక రైతు ఇంట నాలుగు గాదెలు వరుసగా నున్నవి. కళ్లము నుండి వచ్చిన ధాన్యమును మొదటి గాదెలో పోయుదురు. అది నిండిన తరువాతనే రెండవ గాదె. అదియు నిండిన తరువాతనే మూడవది. మొదటి గాదె నుండి ఒక్క గింజయు తీయకూడదని కట్టడి. రెండవ గాదెలోని ధాన్యము నుండి పుట్టికి ఒక తూము. మూడవ గాదె నుండి పుట్టికి రెండు తూములు. నాలుగవ గాదె నుండి మూడు తూములు తీయుదురు. పుట్టికి ఇరువది తూములు గనుక ఇవి నూటికి ఐదు, పది, పదునైదు వంతులగును. ఈ యేడు పంట బాగుగా పండి మూడవ గాదెలో కొంత ధాన్యము పడినదనుకొనుడు. పడిన ఆ ధాన్యము నుండియే పుట్టికి రెండు తూములు పోవును. రెండవ గాదె నుండి తీయవలసినది పుట్టికి ఒక తూమే. అది రెండు కాదు. మొదటి గాదె జోలికి ఎవ్వరును పోరు. పంట పెరిగినందువలన పాత గాదెలలోని ధాన్యమునకు ఏ హానియు లేదు.

మెట్ల పద్ధతిలో జరిగినదేమి? మూడవ గాదెలో ఒక్క గింజ పడగానే, మూడు గాదెలలోని ధాన్యమంతయు క్రిందకు దించి, అంతటి నుండి పుట్టికి రెండు తూములు కొలిచికొనిపోయిరి. రెండు పద్ధతులకు గల భేదమంతయు ఇంతే.

1939 నాటి రేట్లు చూడుడు. మొత్తము ఆదాయము రూ. 2,000 మించనివారికి పన్ను లేదు. మించినవారికి మొదటి 1,500 రూపాయల మీద ఏమియు లేదు. తరువాతి 3,500 మీద రూపాయికి తొమ్మిది పైలు. ఆ తరువాతి 5,000 మీద రూపాయికి అణా మూడు పైలు. ఆపైని పొరలకు ఇంకను హెచ్చు రేట్లు. ఐదువేల ఆదాయము గలవానికి పన్ను రూ. 164–1–0. ఐదువేల ఒక్క రూపాయి గలవానికి రూ. 164–2–3. ఒక్క రూపాయి పెరిగినందుకు పెరిగిన పన్ను అణా మూడు పైలు. మిగిలిన పదునాలుగు అణాల తొమ్మిది పైలు అతని జేబులోనే యున్నవి. వెనుకటి 156 రూపాయలతో దీనిని పోల్చిచూచినచో మార్పు ఎంతటిదో తెలియగలదు.

తెలంగాణపు చరిత్ర ఈ విషయమున కొంత వేరు. నిజాము రాజ్యమున బ్రిటిషు ఇండియా చట్టములు చెల్లవు. హైదరాబాదు ఆదాయపు పన్ను చట్టమని ప్రత్యేకముగా నొకటి 1357 ఫసలీలో, అనగా ఆ రాజ్యపు చివరి దినములలో, వచ్చినది. 1950 ఏప్రిలు 1వ తేదీ నుండి భారత ఆదాయపు పన్ను చట్టము అచ్చటికిని వ్యాపించినది. కావున భారత చట్టము క్రిందికి హైదరాబాదు ఉద్యోగి వచ్చునప్పటికే అది పొరల పద్ధతికి మారియున్నది. బెజవాడ, రాజమహేంద్రవరము, కర్నూలు ఉద్యోగుల తాతలు చూచిన మెట్ల పద్ధతిని అతని తాత చూడలేదు. అయినను స్లాబు భయము నేడు రెండు ప్రాంతములలోను సమానమే. భయములకు సరిహద్దులుండవు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత పొరల సంఖ్యయు, పై పొరల రేట్లును పెరుగసాగినవి. కేంబ్రిడ్జి ఆచార్యుడు నికొలసు కాల్డరు 1956లో ప్రభుత్వపు ఆహ్వానము మీద వచ్చి మన పన్నులను పరిశీలించెను. సంపద మీదను, వ్యయము మీదను, దానముల మీదను పన్నులు వేయుమనియు, ఆదాయపు పన్ను గరిష్ఠ రేటును నూటికి 45కు మించనీయవద్దనియు ఆయన సలహా. మొదటి భాగమును ప్రభుత్వము కొంతవరకు స్వీకరించినది. రెండవ భాగమును స్వీకరింపలేదు. 1961లో క్రొత్త ఆదాయపు పన్ను చట్టము చేయబడి మరుసటి యేడు అమలునకు వచ్చినది. 1970 దశాబ్దపు తొలి యేండ్లలో రేట్లు శిఖరము నందుకొన్నవి. 1973–74లో పదునొకండు పొరలుండెను. రెండు లక్షలకు మించిన ఆదాయము మీద నూటికి 85 పన్ను, ఆ పన్ను మీద నూటికి 15 సర్‌చార్జి, వెరసి 97.75.

ఈ అంకెను చెప్పునప్పుడు, ఆ కాలమున ధనవంతుడు నూరు రూపాయలు సంపాదించి తొంబదియేడు రూపాయల డెబ్బదియైదు పైసలు ప్రభుత్వమున కిచ్చెనని పలువురు భావింతురు. పొరల పద్ధతి నెరిగినవారు అట్లు భావింపరు. ఆ రేటు రెండు లక్షలకు పైబడిన భాగమునకే. క్రింది పది పొరలలోని ఆదాయము మీద వాని వాని రేట్లే వర్తించినవి. పై పొర రేటు వేరు. మొత్తము ఆదాయములో పన్నుగా పోయిన సగటు వంతు వేరు. సగటు ఎప్పుడును పై పొర రేటు కంటె తక్కువగనే యుండును.

అయినను ఆ అంకెకు ప్రాముఖ్యము లేదనరాదు. సగటు వంతు మనుష్యుని భారమును తెలుపును. పై పొర రేటు అతని ప్రవర్తనను మార్చును. ఇంకొక రూపాయి సంపాదించినచో రెండుంబావు పైసలు మాత్రమే మిగులునన్నప్పుడు, కష్టపడి సంపాదించుట ఎందుకని కొందరు, సంపాదించి దాచిపెట్టుట మేలని మరికొందరు తలంతురు. పన్ను ఎగవేతకు ఇట్టి మితిమీరిన రేట్లు ముఖ్య కారణమని 1971లో వాంఛూ సంఘము తన నివేదికలో పేర్కొన్నది. 1974–75లో గరిష్ఠ రేటు సర్‌చార్జితో కూడ 77కు, 1985–86లో 50కి, 1992–93లో 40కి దిగినది. 1997–98లో 10, 20, 30 అను మూడు రేట్లు మిగిలినవి. రేట్లు ఎంత మారినను, పొరకు పొర వేరుగా లెక్కించు 1939 నాటి పద్ధతి మాత్రము మారలేదు.

ఇక నేటి పట్టిక. 2025–26 ఆర్థిక సంవత్సరమునకు క్రొత్త విధానము క్రింద నాలుగు లక్షల వరకు పన్ను లేదు. నాలుగు నుండి ఎనిమిది లక్షల వరకు నూటికి ఐదు; ఎనిమిది నుండి పండ్రెండు వరకు పది; పండ్రెండు నుండి పదునారు వరకు పదునైదు; ఆ పైన నాలుగేసి లక్షలకు ఇరువది, ఇరువదియైదు; ఇరువదినాలుగు లక్షలు దాటిన భాగమునకు ముప్పది. మన గాదెల లెక్కయే ఇది. పదునారు లక్షల ఆదాయము గలవాడు పదునైదు శాతపు పొరలో నున్నాడనుకొందుము. అతని పన్ను 20,000, 40,000, 60,000 కలిసి 1,20,000 రూపాయలు. అనగా నూటికి పదునైదు కాదు, ఏడున్నర. ఈ లెక్కలలో సెస్సును చేర్చలేదు.

అయితే ఈ పట్టిక ప్రక్కనే ఒక పాత మెట్టు మరల కనబడుచున్నది. పండ్రెండు లక్షల వరకు ఆదాయము గలవారికి, లెక్క ప్రకారము రావలసిన 60,000 రూపాయల పన్నును రిబేటు పేరున పూర్తిగా మాఫీ చేసిరి. జీతగాండ్రకు 75,000 రూపాయల ప్రామాణిక తగ్గింపు కూడ నుండుటచే ఈ హద్దు పండ్రెండుముప్పాతిక లక్షల జీతము వరకు పోవును. హద్దు దాటగానే రిబేటు లేదు. ఊరకున్నచో, పన్ను లెక్కించు ఆదాయము పండ్రెండు లక్షల మీద పదివేలు పెరిగినందుకు 61,500 రూపాయలు చెల్లింపవలసివచ్చును. అందుచేత చట్టము 1922 నాటి ఊతకర్రనే మరల తెచ్చినది. హద్దు దాటిన మొత్తము కంటె పన్ను మించకూడదు; పదివేలు దాటినవానికి పన్ను పదివేలే. సుమారు పండ్రెండు లక్షల డెబ్బదివేల వరకు, దాటిన ప్రతి రూపాయియు పన్నుగానే పోవును. ఆ చిన్న సందులో నున్నవారికి మాత్రము తాతల నాటి మాటలో నేటికిని కొంత నిజమున్నది. అది పొరల వలన వచ్చిన చిక్కు కాదు. మాఫీ వలన వచ్చినది. ఒక హద్దు వరకు అంతయు విడిచి, దాటగానే అంతయు అడుగుచోట్ల ఈ చిక్కు తప్పదు. పీల్ కాలమునను తప్పలేదు. విల్సను కాలమునను తప్పలేదు.

కావున ఇంట జీతము పెరిగిన వార్త వచ్చినప్పుడు వద్దని వ్రాసియిచ్చుటకు ముందు కాగితము మీద రెండు లెక్కలు వేయుట మంచిది. పెరుగక మునుపు పన్ను ఎంత, పెరిగిన తరువాత ఎంత అని పొరపొరకు వేరుగా గుణించి చూడవలెను. ఆ రెండింటి భేదమును పెరిగిన జీతముతో పోల్చవలెను. పైన చెప్పిన సందు వంటి చోట్ల తప్ప, ఏ పొరలో నున్నను పెరిగిన దానిలో అధిక భాగము ఇంటికే చేరునని ఆ లెక్కయే చెప్పును.

దీని ప్రయోజనము ఒక్క ఇంటితో ముగియదు. పన్నుల రేట్లు ప్రజాప్రతినిధుల సభలో నిర్ణయింపబడును. ఆ ప్రతినిధులను ఎన్నుకొనువారము మనమే. ధనికుల మీద రేటు పెంచవలెనని ఒకరు, తగ్గింపవలెనని మరొకరు వాదించునప్పుడు రెండు పక్షములవారును పెద్ద పెద్ద అంకెలు వల్లించుట వాడుక. ఆ అంకె ఎంత అని వినుటతో తృప్తిపడక, అది ఏ రూపాయి మీద పడును అని కూడ శ్రోతలు అడుగవలెను. మొదటి రూపాయి మీదనా, చివరి రూపాయి మీదనా, మొత్తము మీదనా? ఆ ఒక్క ప్రశ్నకు సరియైన సమాధానము చట్టములోనికి ఎక్కుటకు ఈ దేశమున 1860 నుండి 1939 వరకు డెబ్బదితొమ్మిది సంవత్సరములు పట్టినది.